సీజే-3బీ జీపు: లైనర్లు కొత్తవి, మాస్టర్ సిలిండర్ కొత్తది, అయినా బ్రేక్ పెడల్ మెత్తగానే ఉంది

#1 · కోనసీమ_హైబానెట్

బండి మహీంద్రా సీజే-3బీ, పెట్రోల్, రైట్ హ్యాండ్. నాలుగు చక్రాలకీ 9 అంగుళాల డ్రమ్ములే. బూస్టర్ లేదు, సర్క్యూట్ ఒక్కటే (నాలుగు చక్రాలకీ ఒకే ఆయిల్ లైను).

ఈ మధ్య మార్చినవి: షూల మీద రివిట్ కొట్టిన కొత్త లైనర్లు (డ్రమ్ముని రాసుకుని ఆపే పట్టీలు), నాలుగు వీల్ సిలిండర్లకీ కిట్లు (లోపలి రబ్బర్లు, స్ప్రింగులు), మాస్టర్ సిలిండర్ పూర్తిగా కొత్తది (1 అంగుళం బోర్). డ్రమ్ములు లేత్‌కి పెట్టించాను. హోస్‌లు మూడూ పాతవే.

మొదటిసారి తొక్కితే పెడల్ దాదాపు ఫ్లోర్ దాకా పోతోంది. వెంటనే మళ్లీ తొక్కితే సగంలో అందుతోంది, మూడోసారికి ఇంకొంచెం పైన. అక్కడ కూడా గట్టిదనం లేదు, రబ్బరు బంతి మీద కాలు పెట్టినట్టుంది. అయిదు నిమిషాలు వదిలేస్తే మళ్లీ మొదటికే. ఎక్కడా ఆయిల్ కారడం లేదు. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ ఒక లీటరు డబ్బా అయిపోయేదాకా లైన్లో ఎయిర్ తీశాను, బుడగలు ఆగిపోయాయి. ఇంకా ఎయిరే అంటారా?

#2 · గుంటూరు_బుల్లెట్

ఎయిరే బ్రో. ఇంకో లీటరు కొట్టు.

#3 · డ్రమ్ము_డాక్టర్

ఇంకో లీటరు కొట్టే ముందు ఆగండి. "పెడల్ మెత్తగా ఉంది" అనే ఒక్క మాట కింద మూడు నాలుగు వేరు వేరు జబ్బులుంటాయి. మందు కూడా దేనికదే.

ఒకటి, పెడల్ కిందికి పోతుంది కానీ అందిన చోట రాయిలా ఉంటుంది, పంపు చేస్తే పైకొస్తుంది. ఇది ఎయిర్ కాదు. షూకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువ. మాస్టర్ ఒక్క తొక్కుకి పంపే ఆయిల్ ఆ సందు పూడ్చడానికే సరిపోతుంది.

రెండు, ఎంత ఎత్తులో అందినా అక్కడ స్ప్రింగులా ఆడుతుంది. లైన్లో ఎయిర్, లేదా ఉబ్బే హోస్, లేదా వంగే షూ. ఈ మూడోది చాలామందికి తట్టదు.

మూడు, గట్టిగా తొక్కి పట్టుకుంటే కాలి కింద మెల్లగా దిగుతూ పోతుంది. ఆయిల్ ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ లోపల ప్రైమరీ వాషర్ (పిస్టన్ ముందుండే రబ్బరు కప్పు) దాటి వెనక్కి పోతోంది. లెవెల్ తగ్గకుండా దిగుతుంటే తప్పు మాస్టర్‌దే.

మీ లక్షణాల్లో మొదటిదీ రెండోదీ కలిసి కనిపిస్తున్నాయి. పైగా "అయిదు నిమిషాలకి మళ్లీ మొదటికే" అన్నారు, నాకు దాని మీదే అనుమానం. ముందు ఒకటి చెప్పండి: మూడుసార్లు పంపు చేసి, తొక్కి, ఒక నిమిషం పట్టి ఉంచితే దిగుతోందా? పెడల్ పక్కన స్కేలు నిలబెట్టి మిల్లీమీటర్లలో చెప్పండి. "కొంచెం" అంటే కుదరదు.

#4 · కోనసీమ_హైబానెట్

స్కేలు పెట్టి చూశాను. మొదటి తొక్కు 125 మి.మీ. కిందికి. రెండోది 80, మూడోది 65. 65 దగ్గర నుంచి గట్టిగా అదిమితే ఇంకో 20 మి.మీ. లోపలికి పోతుంది, వదిలితే తిరిగి వస్తుంది. ఒక నిమిషం పట్టి ఉంచినా దిగలేదు.

#5 · డ్రమ్ము_డాక్టర్

దిగలేదు కాబట్టి ప్రైమరీ వాషర్ బాగానే ఉంది. ఇప్పుడు బండి కదపకుండా ఇంకో మూడు పరీక్షలు.

ఫ్లోర్ మీద చిన్న మూత తీసి మాస్టర్ క్యాప్ విప్పండి. లోపల చూస్తుంటే ఇంకొకరు చేత్తో పెడల్ చాలా మెల్లగా నొక్కాలి. నొక్కడం మొదలైన వెంటనే ఆయిల్‌లో చిన్న చిమ్ము కనిపించాలి. అది కాంపెన్సేటింగ్ పోర్టు, సూదిమొన అంత రంధ్రం. చిమ్ము రాకపోతే ఆ రంధ్రం పూడిపోయిందన్నా అనుకోవాలి, పుష్‌రాడ్ (పెడల్ నుంచి పిస్టన్‌ని నెట్టే కడ్డీ) పిస్టన్‌ని ముందే నెట్టి ఉంచిందన్నా అనుకోవాలి.

రెండోది. మూత తీసే ఉంచి పదిహేనుసార్లు గబగబా పంపు చేసి, తొక్కి పట్టుకుని, ఒక్కసారిగా వదిలేయాలి. రిజర్వాయర్‌లోంచి ఆయిల్ ఫౌంటెన్‌లా ఎగిస్తే లైన్లో నలిగిన గాలి ఉన్నట్టే. కళ్లద్దాలు పెట్టుకోండి, పెయింట్ మీద గుడ్డ కప్పండి. పెయింట్ మీద పడిందా, తుడుస్తూ కూర్చోకుండా నీళ్లు పోసి కడిగేయండి. ఈ ఆయిల్ నీళ్లలో కలుస్తుంది.

మూడోది మీకు ముఖ్యం. పెడల్ పంపు చేసి పూర్తిగా వదిలేయండి. ఒక నిమిషం ఆగి ఏదో ఒక వెనక చక్రం నిప్పిల్ (ఎయిర్ తీసే స్క్రూ) పావు తిప్పు విప్పండి. పెడల్ మీద ఎవరూ ఉండకూడదు. ఆయిల్ కాస్తయినా తోసుకుంటూ రావాలి. బొట్లు బొట్లుగా కారితే మాస్టర్ చివరనుండే చెక్ వాల్వు ప్రెషర్ నిలపడం లేదు.

#6 · కొత్త_జీపు_కొత్త_మోజు

చెక్ వాల్వు ఏంటి సార్? మా మెకానిక్ అలాంటిది లేదంటున్నాడు.

#7 · డాలస్_విల్లీస్

డ్రమ్ము బ్రేకుల మాస్టర్‌లో ఆయిల్ బయటికెళ్లే చివర ఉంటుంది. రిటర్న్ స్ప్రింగు దాన్ని ఒక రబ్బరు సీటు మీదికి నొక్కి పెడుతుంది. తొక్కినప్పుడు ఆయిల్‌ని స్వేచ్ఛగా పోనిస్తుంది, వదిలినప్పుడు సుమారు 10 పీఎస్‌ఐ (0.7 బార్) లైన్లో మిగిలేలా దారి మూసేస్తుంది. దానివల్ల రెండు ఉపయోగాలు. షూలు మరీ వెనక్కి పోవు. వీల్ సిలిండర్ రబ్బరు కప్పుల పెదవులు ఎప్పుడూ గోడకి ఆని ఉంటాయి. ప్రెషర్ సున్నా అయితే పెడల్ చటుక్కున వదిలిన ప్రతిసారీ ఆ పెదవుల పక్కనుంచి కాస్త గాలి లోపలికి పీలుస్తుంది. ఆయిల్ మాత్రం బయటికి రాదు. అందుకే "కారడం లేదు, అయినా ఎయిర్ వస్తోంది" అని తల పట్టుకుంటారు.

డిస్కు బ్రేకులకి ఈ వాల్వు ఉండకూడదు, ప్యాడ్లు పట్టేస్తాయి. అందుకే ఒకే బాడీతో రెండు రకాలూ అమ్ముతుంటారు. బయటినుంచి చూస్తే తేడా తెలియదు.

#8 · లేత్_షెడ్డు

పై మాటకి చిన్న సవరణ. వీల్ సిలిండర్ స్ప్రింగుకి రెండు చివర్లా రేకు టోపీలు (కప్ ఎక్స్‌పాండర్లు) ఉంటే గాలి పీల్చడం దాదాపు ఉండదు. ఆ టోపీలే పెదవుల్ని తెరిచి పట్టుకుంటాయి. కిట్లో ఉత్త స్ప్రింగే వస్తే చెక్ వాల్వు తప్పనిసరి. కోనసీమ గారూ, మీ కిట్లో ఏం వచ్చింది?

ఇంకో ప్రశ్న. డ్రమ్ములు ఎంత కోయించారు? 9 అంగుళాల డ్రమ్ముకి మొత్తం వ్యాసం మీద 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు; 1.5 మి.మీ.) హద్దు, అంటే 9.060 అంగుళాలు. అది దాటితే పాతసామానుకి వేయాల్సిందే. పల్చటి డ్రమ్ము తొక్కినప్పుడు సాగుతుంది, వేడికి ఇంకా సాగుతుంది. ఆ సాగుడంతా పెడల్‌లోనే తేలుతుంది.

#9 · కోనసీమ_హైబానెట్

ఫలితాలు:
చిమ్ము కనిపించింది. ఫౌంటెన్ రాలేదు, కొద్దిగా పొంగిందంతే. నిప్పిల్ విప్పితే బొట్లే, తోపు లేదు.
కిట్లలో ఉత్త స్ప్రింగులే, టోపీలు లేవు.
డ్రమ్ములు: ముందువి 9.045, 9.050. వెనకవి 9.030, 9.035.

#10 · డ్రమ్ము_డాక్టర్

అయితే తప్పులు రెండు. మొదటిది, చెక్ వాల్వు ప్రెషర్ నిలపడం లేదు.

మాస్టర్ విప్పండి. చివరనుంచి వరస ఇలా ఉండాలి: రబ్బరు సీటు, చెక్ వాల్వు, స్ప్రింగు, ప్రైమరీ వాషర్, పిస్టన్ (వెనక భాగానికి సెకండరీ వాషర్), స్టాప్ ప్లేటు, సర్క్లిప్, బూటు. వాల్వు ఉండి సీటు లేకపోవడం, సీటు రెండు మడతలై ఇరుక్కోవడం, రెండూ మామూలే. అన్నీ బ్రేక్ ఆయిల్‌తో గానీ స్పిరిట్‌తో గానీ మాత్రమే కడగండి. కిరోసిన్, డీజిల్, పెట్రోల్ దగ్గరికి రానీయొద్దు. షెడ్లలో అన్నిటినీ ఒకే డీజిల్ తట్టలో ముంచే అలవాటుంది. మినరల్ ఆయిల్ తగిలిన రబ్బరు రెండు మూడు రోజుల్లో ఉబ్బి కాంపెన్సేటింగ్ పోర్టుని మూసేస్తుంది, అప్పుడు బ్రేకులు పట్టేసి వదలవు. అలా ఒకసారి కలుషితమైతే హోస్‌లతో సహా రబ్బరంతా మార్చాలి.

రెండో తప్పు ఆ 20 మి.మీ. స్ప్రింగుదనం. అది లేత్_షెడ్డు గారు చెప్పాలి.

#11 · లేత్_షెడ్డు

డ్రమ్ము 50 థౌ పెరిగింది, అంటే వ్యాసార్థం 25 థౌ (0.63 మి.మీ.) పెరిగింది. లైనర్లు మాత్రం 9 అంగుళాల గుండ్రానికే ఉన్నాయి. చిన్న గుండ్రం పెద్ద గుండ్రంలో కూర్చుంటే నడుమ ఒక్కచోటే ఆనుతుంది, రెండు చివరలూ గాల్లో ఉంటాయి. కాలితో అదిమితే షూ రేకు వంగి ఆ చివరలు డ్రమ్ముకి చేరుతాయి. ఆ వంగడమే మీ రబ్బరు బంతి. ఎన్ని లీటర్ల ఆయిల్ పోసినా పోదు.

చూడటం తేలిక. డ్రమ్ము లోపల సుద్దముక్కతో రుద్దండి, తొడగండి, ఒకరు మెత్తగా బ్రేకు పట్టి ఉంచితే చక్రం నాలుగు చుట్లు తిప్పండి. విప్పి చూస్తే సుద్ద అంటిన చోటే ఆనుతున్న చోటు. లైనర్ పొడవులో నాలుగింట మూడొంతులైనా అంటాలి. నడుమ రెండు వేళ్ల మేర మాత్రమే అంటితే షూలు ఆ డ్రమ్ము కొలతకి గ్రైండ్ చేయించాలి. ఏ డ్రమ్ముకి ఏ షూలో గుర్తు పెట్టుకోండి, మీ నాలుగు డ్రమ్ములూ నాలుగు కొలతలు.

గ్రైండింగ్ మిషను దొరక్కపోతే 80 నంబరు ఎమెరీ గుడ్డ డ్రమ్ము లోపల అతికించి, షూని చేత్తో అటూ ఇటూ రుద్దాలి. ఒక్కో షూకి అరగంట పైన పడుతుంది, భుజాలు పోతాయి, కానీ పని అవుతుంది. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఎయిర్ గన్‌తో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. కొత్తవాటిని రుద్దేటప్పుడు కూడా మాస్కు ఉండాలి.

లైనర్లు ఎటు వేశారో కూడా చూడండి. ఈ 9 అంగుళాల బ్రేకులో పొడవాటి లైనర్ ఉన్న షూ ముందువైపు, పొట్టిది వెనకవైపు. వేరే బళ్ల అలవాటుతో తిరగేసి వేసేవాళ్లు ఉన్నారు.

#12 · గుంటూరు_బుల్లెట్

ఇంత అవసరమా? వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అవే అరిగి సెట్ అవుతాయి కదా.

#13 · లేత్_షెడ్డు

సెట్ అవుతాయి. అప్పటిదాకా నడుమ రెండు వేళ్ల మేర లైనర్ మీదే బండి మొత్తం ఆగాలి. అక్కడ మాడి గాజులా మెరుస్తుంది. ఆ మెరుపొచ్చిన లైనర్ తర్వాత మొత్తం ఆనినా సరిగా పట్టదు.

#14 · మారేడుమిల్లి_ఘాట్

అడ్జస్ట్‌మెంట్ సంగతి ఎవరూ రాయలేదు. ఈ బండిలో సగం పెడల్ అక్కడే పోతుంది.

ముందు వీల్ బేరింగులు సరిచేయండి. చక్రం పైనా కిందా పట్టి ఊపితే ఆట ఉంటే, షూ ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా డ్రమ్ము పక్కకి ఒరుగుతుంది.

బ్యాక్ ప్లేటు (డ్రమ్ము వెనకుండే రేకు) మీద ప్రతి చక్రానికీ నాలుగు చోట్ల తిప్పే పని ఉంది. పైన రెండు ఎక్సెంట్రిక్‌లు (తిప్పితే షూని డ్రమ్ము వైపు జరిపేవి), కింద రెండు యాంకర్ పిన్నులు (షూ కింది చివరని పట్టుకునేవి). మెకానిక్‌లు పైవి తిప్పి వదిలేస్తారు. లైనర్ అరిగేకొద్దీ చేసే చిన్న సర్దుబాటుకి అది చాలు. కొత్త లైనర్ వేస్తే మాత్రం యాంకర్ల నుంచి మొదలుపెట్టాలి.

యాంకర్ పిన్ను చివర చుక్క గుర్తు ఉంటుంది. రెండు చుక్కలూ ఒకదానికొకటి ఎదురుగా చూసేలా పెట్టి మొదలుపెట్టండి. ఫీలర్ గేజితో షూ కింది చివర (యాంకర్ వైపు) 5 థౌ, అంటే 0.13 మి.మీ.; పై చివర (సిలిండర్ వైపు) 8 థౌ, అంటే 0.20 మి.మీ. కింద యాంకర్ తిప్పితే పైన మారుతుంది, పైన తిప్పితే కింద మారుతుంది. రెండు మూడు విడతలు పడుతుంది. చివర లాక్ నట్ బిగించేటప్పుడు పిన్ను తిరగకుండా స్పానర్‌తో పట్టుకోండి. బిగించాక గేజి మళ్లీ పెట్టి చూడండి, నూటికి తొంభైసార్లు కదిలి ఉంటుంది.

గేజి పెట్టే సందు మీ డ్రమ్ముకి లేకపోతే: ముందు షూ ఎక్సెంట్రిక్‌ని బండి ముందు వైపుకి, వెనక షూది వెనక వైపుకి తిప్పుతూ చక్రం ఆగేదాకా తేండి. తర్వాత చక్రం ఎక్కడా రాసుకోకుండా తిరిగేదాకా వెనక్కి. ఒక్కో షూ విడిగా, రెండూ కలిపి కాదు.

#15 · కొత్త_జీపు_కొత్త_మోజు

హ్యాండ్ బ్రేక్ లాగితే షూలు దగ్గరవుతాయి, అప్పుడు పెడల్ పైకొస్తే అడ్జస్ట్‌మెంట్ లోపం అని ఒక వీడియోలో చూశాను. ఇక్కడ పని చేస్తుందా?

#16 · మారేడుమిల్లి_ఘాట్

చెయ్యదు. సీజే-3బీ హ్యాండ్ బ్రేక్ చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టు డ్రమ్ము మీద పట్టుకుంటుంది. చక్రాల షూలతో దానికి సంబంధం లేదు. కాబట్టి సింగిల్ సర్క్యూట్ పైపు తెగితే మిగిలేది అదొక్కటే, అది కూడా సరిగా ఉంచుకోండి.

#17 · డాలస్_విల్లీస్

హోస్‌లు పాతవే అన్నారు. ఒకరు గట్టిగా తొక్కుతుంటే హోస్‌ని వేళ్లతో చుట్టి పట్టుకోండి, ఉబ్బితే చేతికి తెలుస్తుంది. మెలిపెడితే పైన పగుళ్లు కనిపిస్తున్నాయా, ఆలోచించకుండా మార్చేయండి. బిగింపు క్లాంపుతో నొక్కి పరీక్షించే పద్ధతి ఉంది కానీ పాత హోస్ మీద చేయొద్దు, లోపలి పొర చిట్లుతుంది. అంతకంటే మాస్టర్ బయటి దారికి సరిపడే ప్లగ్గు బిగించి తొక్కండి. పెడల్ కొయ్యలా నిలిస్తే మాస్టర్ మంచిదే, లోపం దాని అవతల ఉంది.

పెడల్ లింకేజి కూడా మర్చిపోకండి. పెడల్ షాఫ్టు ఫ్లోర్ కింద బురదలో ఉంటుంది. బుష్, క్లెవిస్ పిన్ను (పెడల్‌నీ పుష్‌రాడ్‌నీ కలిపేది) కలిపి 2 మి.మీ. అరిగాయనుకోండి, పెడల్ నిష్పత్తి అయిదుకి ఒకటి అయితే పాదం దగ్గర 10 మి.మీ. పోయినట్టే. దీనికీ పెడల్ ఫ్రీ ప్లేకీ (పిస్టన్ కదలకముందు పెడల్‌కి ఉండే ఖాళీ ఆట) తేడా ఉంది. ఫ్రీ ప్లే అర అంగుళం (12 మి.మీ.) కావాలనే ఉంచాలి. పెడల్ పైకి రావాలని పుష్‌రాడ్ పొడుగు చేసి దాన్ని చంపేస్తే, పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక పోర్టు మూసుకుపోతుంది. ఊళ్లో బాగానే ఉంటుంది. పది కిలోమీటర్లు పోయాక ఆయిల్ వేడెక్కి వ్యాకోచించి, తిరిగొచ్చే దారిలేక బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.

#18 · మారేడుమిల్లి_ఘాట్

వేడి మాట వచ్చింది కాబట్టి ఒక తేడా. ఘాట్ దిగుతున్నప్పుడు పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే లైనర్లు కాలాయి, అది ఫేడ్. పెడలే స్పాంజిలా లోపలికి పోతే ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆపి చల్లారనిస్తే రెండూ తిరిగొస్తాయి కాబట్టి తర్వాత షెడ్డులో ఎవరికీ ఏమీ దొరకదు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకూ మరగదు, చెమ్మ పీల్చాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఈ లెక్కలు 230, 155. కోనసీమ గాలికి రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం తప్పదు.

#19 · కొత్త_జీపు_కొత్త_మోజు

అయితే డాట్ 5 పోస్తే సరిపోదా?

#20 · డ్రమ్ము_డాక్టర్

డాట్ 5 సిలికాన్. మిగతావాటితో కలవదు. పోయాలంటే లైన్లన్నీ కడిగి, రబ్బరంతా మార్చి పోయాలి. చెమ్మ పీల్చదు, పెయింట్ తినదు, నిజమే. కానీ అందులో సన్న బుడగలు పట్టుకుని వదలవు, పెడల్ కొద్దిగా మెత్తగానే ఉంటుంది. మెత్తదనం వెతుకుతున్న బండిలో పోయాల్సింది అది కాదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే.

#21 · కోనసీమ_హైబానెట్

మాస్టర్ విప్పాను. చెక్ వాల్వు ఉంది, దాని వెనక రబ్బరు సీటు లేదు. కొత్త ముక్కే, సీల్ ప్యాకింగ్‌లోనే అలా వచ్చింది. సుద్ద పరీక్షలో ముందు షూలు నడుమ 50 మి.మీ. మేరే అంటాయి, వెనకవి కాస్త నయం. ముందు కుడి చక్రానికి పొట్టి లైనర్ ముందువైపు వేసి ఉంది. సీటు తెప్పించి, షూలు గ్రైండ్ చేయించి, యాంకర్ల నుంచి సెట్ చేస్తాను. ఎయిర్ తీసేటప్పుడు పాటించాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.

#22 · డ్రమ్ము_డాక్టర్

మాస్టర్‌ని బండికి ఎక్కించే ముందే వైస్‌లో పట్టి, బయటి దారికి పైపు బిగించి దాని కొస రిజర్వాయర్‌లో ముంచి, బుడగలు ఆగేదాకా స్క్రూడ్రైవర్‌తో పిస్టన్ మెల్లగా నెట్టండి. బండి మీద ఇది ఎంత తొక్కినా సరిగా రాదు.

క్రమం: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. నిప్పిల్‌కి గొట్టం తొడిగి కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. మెల్లగా తొక్కు, నిప్పిల్ బిగించు, మెల్లగా వదులు, మూడు లెక్కపెట్టి మళ్లీ. గబగబా తొక్కితే గాలి సన్న నురగై ఆయిల్‌లో కలిసిపోతుంది, మర్నాటికి మళ్లీ బుడగవుతుంది. నిప్పిళ్లు విప్పి వదిలేసి దానంతటదే కారనిచ్చే పద్ధతి ఈ మాస్టర్‌తో నత్తనడక, చెక్ వాల్వు అడ్డు. ప్రతి ఎనిమిది పది తొక్కులకీ లెవెల్ చూడండి, రిజర్వాయర్ చిన్నది. చివరికి నోటికి అర అంగుళం కిందికి నింపాలి. సీసాలోకి వచ్చిన ఆయిల్ తిరిగి పోయొద్దు.

పాత మాస్టర్ ఉన్నవాళ్లు పెడల్ కింద చెక్కముక్క పెట్టుకోండి. రోజూ నడవని చివరి భాగంలో బోర్ తుప్పు పట్టి ఉంటుంది. పెడల్ ఫ్లోర్ దాకా పోతే వాషర్ పెదవి అక్కడ తెగుతుంది. ఎయిర్ తీయడానికి వెళ్లి మాస్టర్ పోగొట్టుకునేది ఇలాగే.

#23 · కోనసీమ_హైబానెట్

పని అయ్యింది. హోస్‌లు మూడూ కూడా మార్చేశాను. మొదటి తొక్కు 55 మి.మీ., అందులో ఫ్రీ ప్లే 12. రెండో తొక్కు 50. అక్కడినుంచి అదిమితే 5 మి.మీ. కూడా పోవడం లేదు. రాత్రంతా వదిలేసి పొద్దున చూసినా అదే కొలత. నిప్పిల్ విప్పితే తోసుకుంటూ వస్తోంది.

#24 · లేత్_షెడ్డు

300 కిలోమీటర్లకి ఎక్సెంట్రిక్‌లు ఒకసారి బిగించుకోండి, కొత్త లైనర్ మొదట్లో త్వరగా అరుగుతుంది. యాంకర్లు ముట్టొద్దు.

#25 · డాలస్_విల్లీస్

ఫ్లోర్ మీది మూత కింద పాత ట్యూబు కోసి వాషర్ వేయండి. వాన నీళ్లూ బురదా నేరుగా మాస్టర్ క్యాప్ మీదికే కారతాయి. క్యాప్‌కి ఉన్న గాలి రంధ్రం మాత్రం మూయకండి.